గ్రాఫిక్ కార్డుకు పని చెబుతున్నదెవరు?

మాఘమాసం వచ్చిందంటే చల్లపల్లి, అవనిగడ్డ, ఘంటసాల, మొవ్వ చుట్టుపక్కల ఫొటో స్టూడియోల్లో కంప్యూటర్లకు ఊపిరి సలపదు. పగలు తీసిన పెళ్లి ఫొటోలు రాత్రికి ఆల్బమ్ పేజీల్లోకి ఎక్కాలి, ఇంకోపక్క వీడియో ఎడిటింగ్ నడవాలి. సరిగ్గా అలాంటప్పుడే మౌస్ బాణం ఆగి ఆగి కదలడం మొదలుపెడుతుంది. టైపు చేసిన అక్షరం కాస్త ఆలస్యంగా తెరమీద పడుతుంది. లోపల ఫ్యాను గోల పెరుగుతుంది. ఏమైందోనని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిస్తే, గ్రాఫిక్ కార్డు వాడకాన్ని చూపే జీపీయూ అనే నిలువు వరసలో అన్నిటికన్నా పైన, మనం ఎన్నడూ ఇన్‌స్టాల్ చేయని పేరొకటి కనిపిస్తుంది: డెస్క్‌టాప్ విండో మేనేజర్. దాని పక్కన 40 శాతమో 60 శాతమో అంకె ఉంటుంది. ఒక్కోసారి ఆ చోట క్లయింట్ సర్వర్ రన్‌టైమ్ ప్రాసెస్ అనే ఇంకో పేరు కనిపిస్తుంది. రెండూ విండోస్‌లో భాగంగా తెరవెనక నడిచే ప్రోగ్రాములే. చూసినవాళ్లకు సహజంగా వచ్చే ఆలోచన, దీన్ని ఆపేస్తే పోతుంది కదా అని. ఈ పూట నేను వాదించదలచింది దానికి ఎదురు. ఆ వరసలో కనిపించే పేరు పని చేస్తున్నవాడిది. పని పురమాయించినవాడు వేరే ఉన్నాడు. వాణ్ణి వెతికి పట్టుకోకుండా చేసే ఏ వైద్యమూ నాలుగు రోజులు నిలవదు.

ఈ ప్రోగ్రాము ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం అనుమానం అక్కడే తీరుతుంది. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ప్రతి ప్రోగ్రామూ తెరమీద తన వాటాకు వచ్చిన చోట తానే నేరుగా బొమ్మ వేసుకునేది. పేజ్‌మేకర్ హ్యాంగ్ అయినప్పుడు దానిమీద ఇంకో విండోను పట్టుకుని లాగితే, లాగినంత మేరా ఆ విండో ముద్రలు వరసగా తెరమీద మిగిలిపోయేవి. అప్పట్లో అను ఫాంట్లతో శుభలేఖలు, కరపత్రాలు కొట్టిన డీటీపీ ఆపరేటర్లలో ఆ దృశ్యం చూడనివాళ్లు ఉండరు. కింద ఉన్న ప్రోగ్రాము కదలలేని స్థితిలో ఉండి తన చోటును మళ్లీ గీసుకోలేకపోవడం వల్ల అలా జరిగేది. 2007 జనవరిలో మైక్రోసాఫ్ట్ విండోస్ విస్టాను మార్కెట్లోకి తెచ్చినప్పుడు ఈ పద్ధతి మొదలంటా మారింది. అప్పటినుంచి ప్రతి ప్రోగ్రామూ తన బొమ్మను మెమరీలో తనకంటూ కేటాయించిన చోట వేసి పెడుతుంది. ఆ బొమ్మలన్నిటినీ తీసుకుని, ఏది పైన ఏది కింద అన్న లెక్క ప్రకారం పేర్చి, నీడలూ పారదర్శకతా కలిపి, ఒక్క పూర్తి చిత్రంగా మానిటర్‌కు పంపే పని డెస్క్‌టాప్ విండో మేనేజర్‌ది. ఇంత పేర్పు పని ప్రాసెసర్ నెత్తిన పెడితే మిగతా పనులు కుంటుపడతాయి కాబట్టి గ్రాఫిక్ కార్డుకు అప్పగించారు. విస్టాలోనూ, 2009లో వచ్చిన విండోస్ 7లోనూ క్లాసిక్ థీమ్ పెట్టుకుంటే దీన్ని ఆపేసే వీలుండేది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఆ వీలు కూడా తీసేశారు. అంటే ఇవాళ మన బల్లమీద ఉన్న సిస్టమ్‌లో ఏ ప్రోగ్రాము ఏ బొమ్మ చూపించినా అది దాదాపు ఎప్పుడూ ఈ ప్రోగ్రాము చేతిమీదుగానే తెరమీదికి వస్తుంది.

ఈ పని బరువెంతో లెక్కకడితే సంగతి ఇంకా తేటపడుతుంది. మామూలు ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. హెచ్చిస్తే 20 లక్షల 73 వేల పైచిలుకు. తెర సెకనుకు 60 సార్లు మారుతుందనుకుంటే, సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలను సిద్ధం చేయాలి. అదే మానిటర్‌ను తీసేసి, గేమ్‌ల కోసం తయారైన, సెకనుకు 144 సార్లు మారే 144 హెర్ట్జ్ మానిటర్ తెచ్చి పెడితే ఆ లెక్క దాదాపు 30 కోట్లకు పోతుంది. ఆల్బమ్ రంగులు బాగా కనిపిస్తాయని 4కే మానిటర్ కొంటే, 60 హెర్ట్జ్‌లోనే దాదాపు 50 కోట్లు. పైగా ఇవి ఒకదాని మీద ఒకటి పేర్చిన పొరలు కాబట్టి, ఒక్కో చుక్కకు రెండు మూడు చోట్లనుంచి రంగు తెచ్చి కలపాల్సి రావచ్చు. విడిగా మంచి గ్రాఫిక్ కార్డు ఉన్నచోట ఇది పెద్ద బరువు కాదు. ప్రాసెసర్‌లోనే కలిసివచ్చే చిన్న గ్రాఫిక్స్‌తో నడిచే పాత సిస్టమ్‌కు మాత్రం ఇది బరువే. అయితే ఇక్కడ ఒక మేలు ఉంది. తెరమీద ఏదీ మారకపోతే మళ్లీ పేర్చాల్సిన పని ఉండదు. ఏ కదలికా లేని తెర ముందు కూర్చున్నప్పుడు ఈ ప్రోగ్రాము వాడకం సున్నాకు దగ్గరగా ఉండాలి. మనం మౌస్ ముట్టుకోకపోయినా 30, 40 శాతం దగ్గర అంకె నిలబడి ఉందంటే, మన కంటికి కనబడేచోటో కనబడనిచోటో ఏదో ఒకటి ఆగకుండా మారుతూ ఉండే అవకాశం ఎక్కువన్నమాట. ఈ ఒక్క సంగతిని గట్టిగా పట్టుకుంటే వెతుకులాటకు దారి దొరుకుతుంది.

దివిసీమ శివారు పొలాలకు నీరందనప్పుడు, చివరి తూము దగ్గరున్న లస్కరును కేకలేస్తే నీళ్లు రావు. ఎగువన ఎక్కడ మళ్లిపోయిందో కాలువ గట్టు వెంట నడిచి చూడాలి. ఇక్కడ చేయాల్సిందీ అదే. టాస్క్ మేనేజర్‌ను ఒక మూల తెరిచి ఉంచి, మిగతా ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా మూస్తూ రావాలి. అన్నీ ఒక్కసారిగా మూసేస్తే దోషి ఎవరో తెలియదు. ఒకటి మూయడం, ఐదారు సెకన్లు ఆగి అంకె చూడడం, తరువాత రెండోది. చాలాసార్లు మొదట దొరికేది బ్రౌజరు. ఏదో ఒక ట్యాబ్‌లో కదిలే ప్రకటన, ఆగకుండా తిరిగే చిన్న బొమ్మ, చప్పుడు ఆపేసి మరిచిపోయిన వీడియో ఉంటుంది. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది, ఏ ట్యాబ్ ఎంత తింటోందో అక్కడ చూడొచ్చు. తరువాత అనుమానించాల్సింది కదిలే వాల్‌పేపర్లను. తరువాత స్క్రీన్ రికార్డర్లు, ఎనీడెస్క్ లాంటి దూరంనుంచి సిస్టమ్ నడిపే సాఫ్ట్‌వేర్లు. ట్యాలీ సరిచేయడానికి విజయవాడ నుంచి ఎవరో ఎనీడెస్క్‌లో వచ్చి, పని అయ్యాక ఆ కనెక్షన్ తెంచకుండా వదిలేసిన సిస్టమ్‌లో, తెరమీద మారే ప్రతి బొమ్మనూ నకలు తీసి పంపే పని అదనంగా నడుస్తూనే ఉంటుంది.

ప్రోగ్రాములన్నీ మూసినా అంకె దిగకపోతే చూపు వైర్ల మీదికి మళ్లాలి. స్టూడియోల్లో తరచు కనిపించే అమరిక ఒకటుంది. ఒక పాత 60 హెర్ట్జ్ మానిటర్, దాని పక్కన కొత్తగా కొన్న 144 హెర్ట్జ్ మానిటర్. రెండిటి వేగాలూ కలవవు. ఒకదానిమీద వీడియో నడుస్తుంటే రెండోదానిమీద ఎడిటింగ్ తడబడడం ఇలాంటిచోట కనిపించొచ్చు. పరీక్షకోసం డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి రెండిటినీ 60కి తెచ్చి చూడండి. తేడా ఉంటే అప్పటికప్పుడే తెలుస్తుంది. ఇంకొక పొరపాటు దుమ్ము దులిపిన తరువాత జరుగుతుంది. సీపీయూ వెనక హెచ్‌డీఎంఐ సాకెట్లు రెండుచోట్ల ఉంటాయి: పైన మదర్‌బోర్డుకు, దానికి కింద అడ్డంగా గ్రాఫిక్ కార్డుకు. వైరును తిరిగి పెట్టేటప్పుడు కార్డులో కాకుండా మదర్‌బోర్డులో పెడితే చాలా సిస్టమ్‌లలో తెర చక్కగానే వెలుగుతుంది, ఎవరికీ అనుమానం రాదు. కానీ అప్పటినుంచి తెర పేర్చే పని ప్రాసెసర్‌లోని చిన్న గ్రాఫిక్స్ నెత్తిన పడుతుంది. పెద్ద కార్డు తయారుచేసిన బొమ్మలను దానికి నకలు చేసి అందించాల్సి వస్తుంది. వేలు పోసి కొన్న కార్డు చాలావరకు ఖాళీగా కూర్చుంటుంది. టాస్క్ మేనేజర్ పెర్ఫార్మెన్స్ పేజీలో జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు కనిపించి, వాటిలో చిన్నదే ఎప్పుడూ కష్టపడుతుంటే ముందు లేచి వెళ్లి వెనక వైరు చూడండి. దీనికి మెకానిక్ అక్కర్లేదు.

ఇప్పుడు అభ్యంతరాలకు వస్తాను. మొదటిది చాలా న్యాయమైన ప్రశ్న. కార్డు కొన్నదే వాడడానికి కదా, వాడకం ఎక్కువుంటే తప్పేమిటని. నిజంగానే తప్పులేదు. ఎడిటింగ్ సాఫీగా నడుస్తూ, ఫ్యాను మామూలుగా తిరుగుతూ, మౌస్ మాట వింటుంటే, ఆ అంకె ఎంతున్నా పట్టించుకోనక్కర్లేదు. అంకెను చూసి రోగం ఉందనుకోవడమే ఈ విషయంలో అందరూ చేసే పొరపాటని నా అభిప్రాయం. ఎందుకంటే ఆ శాతం అంటే ఏమిటో మనం సాధారణంగా అనుకునేది వేరు, అది నిజంగా చెప్పేది వేరు. టాస్క్ మేనేజర్‌లో జీపీయూ వరస వచ్చిందే 2017 అక్టోబరులో విడుదలైన విండోస్ 10 అప్‌డేట్‌తో. ఒక గ్రాఫిక్ కార్డులో బొమ్మలు గీసే 3డీ ఇంజన్, నకలు తీసే కాపీ ఇంజన్, వీడియో విప్పే ఇంజన్, వీడియో కుదించే ఇంజన్ ఇలా వేరువేరు భాగాలుంటాయి. మొత్తానికి ఒక్క అంకె చూపించాలి కాబట్టి, వీటిలో ఏది ఎక్కువ పనిలో ఉంటే దాని శాతాన్నే పైన చూపిస్తారు. అందుకే శాతం పక్కనే ఉండే జీపీయూ ఇంజన్ అనే వరసను కూడా చదవాలి. అక్కడ 3డీ అని ఉంటే పేర్పు పని ఎక్కువైందని, కాపీ అని ఉంటే బొమ్మలు ఒకచోటినుంచి ఇంకోచోటికి మోయడం ఎక్కువైందని అర్థం. ఇందాక చెప్పిన వైరు పొరపాటు ఉన్నచోట రెండోది కనిపించే అవకాశం ఉంది.

ఆ శాతం ఇంకో సంగతి దాచిపెడుతుంది, అది మన ప్రాంతానికి బాగా వర్తిస్తుంది. ఆ అంకె, గడిచిన సమయంలో ఎంతసేపు ఆ ఇంజన్ పనిలో ఉందో చెబుతుంది. ఎంత వేగంతో పనిచేసిందో చెప్పదు. పని లేనప్పుడు గ్రాఫిక్ కార్డు కరెంటు ఆదాకోసం తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. 1200 మెగాహెర్ట్జ్‌తో నడిచే ఇంజన్ 300కు దిగిందనుకోండి. ఇదివరకు 10 శాతం సమయంలో ముగించిన పనికే ఇప్పుడు 40 శాతం సమయం పడుతుంది. పని పెరగలేదు, అంకె నాలుగింతలైంది. ఖాళీగా ఉన్న సిస్టమ్‌లో డెస్క్‌టాప్ విండో మేనేజర్ పక్కన పెద్ద అంకె చూసి కంగారుపడేవాళ్లలో కొందరు చూస్తున్నది ఇదే కావచ్చు. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీమీదికి మారినప్పుడూ ఇంతే. రోహిణీ కార్తెలో రేకుల షెడ్డు కింద ఉన్న షాపులో, ఫ్యాను రెక్కల మధ్య దుమ్ము అట్టకట్టిన సిస్టమ్‌లోనైతే ఇది అసలైన బాధగా మారుతుంది. చిప్ వేడి హద్దు దాటితే కాలిపోకుండా తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అదే పని, అవే ప్రోగ్రాములు, సంక్రాంతికి లేని ఇబ్బంది మే నెలలో వస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎంత వెతికినా దీనికి కారణం దొరకదు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాములో కార్డు వేగం, వేడి పక్కపక్కనే కనిపిస్తాయి. వేడి ఎక్కేకొద్దీ వేగం దిగుతుంటే కావలసింది బ్రష్షు, బ్లోయరు, చిప్‌కూ దాని వేడిని లాగే హీట్‌సింక్‌కూ మధ్య ఎండిపోయిన పేస్టు మార్చడం. సముద్రపు గాలి తగిలే నాగాయలంక, కోడూరు వైపు తేమకు దుమ్ము ఇంకా గట్టిగా అతుక్కుంటుంది కాబట్టి అక్కడ ఈ శుభ్రం మరింత తరచుగా జరగాలి.

రెండో అభ్యంతరం: ఎవరు పురమాయించారో వెతికే ఓపిక ఎవరికుంది, రైట్ క్లిక్ చేసి ఎండ్ టాస్క్ కొడితే పోదా? డెస్క్‌టాప్ విండో మేనేజర్‌ను అలా ఆపితే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తుంది. విండోస్ దాన్ని వెంటనే తిరిగి ప్రారంభిస్తుంది. కాసేపు అంకె దిగినట్టే ఉంటుంది, పురమాయించేవాడు అలాగే ఉన్నాడు కాబట్టి మళ్లీ ఎక్కుతుంది. క్లయింట్ సర్వర్ రన్‌టైమ్ ప్రాసెస్ విషయంలో ఈ ప్రయత్నం అసలు చేయకూడదు. అది ఆగిందంటే విండోస్ మొత్తం నీలి తెర చూపి కూలిపోతుంది, సేవ్ చేయని పనంతా పోతుంది. తెర నిజంగా ఇరుక్కుపోయిన ఘడియలో వాడదగిన మార్గం వేరే ఉంది. విండోస్ మీట, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్ డ్రైవర్ మాత్రమే తిరిగి మొదలవుతుంది. తెర ఒకసారి రెప్పపాటు ఆరుతుంది, ప్రోగ్రాములు మామూలుగా అలాగే ఉంటాయి. అలా నొక్కాక ఇబ్బంది తగ్గితే అనుమానం డ్రైవర్ మీదికి తిప్పాలి.

డ్రైవర్ అన్న మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంత ఆగుతాను. పురమాయించేవాళ్లలో కంటికి కనబడనివాడు ఇతనే. గ్రాఫిక్ కార్డు తయారీదారు రాసిన డ్రైవర్‌లో లోపం ఉంటే దాని పాపం విండోస్ ప్రాసెస్ ఖాతాలో పడుతుంది. 2021 ప్రాంతంలో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న ఎన్నో సిస్టమ్‌లలో డెస్క్‌టాప్ విండో మేనేజర్ గంటగంటకూ మెమరీ మింగుతూ పోయింది. కారణం ఇంటెల్ డ్రైవర్‌లో ఉంది, కొత్త డ్రైవర్‌తోనే అది పోయింది. 2023 ఫిబ్రవరి చివర ఎన్‌విడియా 531.18 అనే డ్రైవర్ విడుదల చేసింది. గేమ్ మూసేసిన తరువాత కూడా ఎన్‌విడియా కంటైనర్ అనే తెరవెనక ప్రాసెస్ ప్రాసెసర్‌ను వాడుతూనే ఉందని జనం గగ్గోలు పెడితే, మార్చి మొదటివారంలోనే 531.26 అనే సవరణ ఇచ్చింది. ఇందులో మొదటిది మెమరీ సంగతి, రెండోది ప్రాసెసర్ సంగతి. అయినా రెండూ నా వాదనకు గట్టి సాక్ష్యాలే. రెండుచోట్లా జాబితాలో కనిపించిన పేరును ఎన్నిసార్లు ఆపినా నిలిచే ఉపయోగం లేదు, డ్రైవర్ మారితేనే బాధ తీరింది. అందుకని ఇబ్బంది ఫలానా రోజునుంచి మొదలైందని గుర్తుంటే, డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద కార్డు పేరు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ తేదీ చూడండి. విండోస్ అప్‌డేట్ మనకు చెప్పకుండానే డ్రైవర్ మార్చిన సందర్భాలుంటాయి. రోల్ బ్యాక్ డ్రైవర్ అనే మీట వెలిగి ఉంటే పాతదానికి వెనక్కు వెళ్లి చూడొచ్చు. లేదంటే తయారీదారు సొంత సైట్‌నుంచి కొత్తది తెచ్చుకోవాలి. కార్డు పేరు ఉండాల్సిన చోట మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంటే అసలు డ్రైవరే లేదని అర్థం. అప్పుడు బొమ్మలు గీసే పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది.

మూడో అభ్యంతరం వైరస్ గురించి. ఇది కొట్టిపారేయదగినది కాదు. మన రాష్ట్రంలోనే దీనికి బలమైన ఉదాహరణ ఉంది. 2018 సెప్టెంబరులో భద్రతా పరిశోధకులు వందలాది భారతీయ వెబ్‌సైట్లలో, చూసేవాళ్ల కంప్యూటర్ చేత వాళ్లకు తెలియకుండా క్రిప్టో నాణేలు తవ్వించే కోడ్‌ను కనిపెట్టారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ పురపాలక పరిపాలన శాఖ సంచాలకుల సైట్, తిరుపతి నగరపాలక సంస్థ సైట్, మాచర్ల మునిసిపాలిటీ సైట్ ఉన్నాయని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. మునిసిపాలిటీ పనిమీద ఆ పేజీ తెరిచిన మనిషి ప్రాసెసర్ ఎవరికో సంపాదించి పెట్టిందన్నమాట. ఇలాంటి కోడ్‌లలో బాగా ప్రచారం పొందిన కాయిన్‌హైవ్ 2019 మార్చిలో మూతపడింది. గ్రాఫిక్ కార్డులతో ఎక్కువగా తవ్విన ఈథీరియమ్ అనే క్రిప్టో నాణెం 2022 సెప్టెంబరు 15న తవ్వకం పద్ధతినే వదిలేసింది. దాంతో ఈ దొంగతనం తగ్గి ఉండొచ్చుగాని పూర్తిగా పోలేదు. దొంగ ప్రోగ్రాములు విండోస్ ప్రాసెస్‌ల పేర్లు పెట్టుకుని తిరగడం కూడా నిజమే. పరీక్ష సులువు. పేరు మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కాలి. ఈ రెండు ప్రోగ్రాములూ సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32లో మాత్రమే ఉండాలి. డౌన్‌లోడ్స్‌లోనో టెంప్ ఫోల్డర్‌లోనో కనిపిస్తే అది దొంగే. క్లయింట్ సర్వర్ రన్‌టైమ్ ప్రాసెస్ మామూలుగానే రెండు కనిపిస్తుంది, దానికి భయపడొద్దు. ఇంకొక గుర్తు: టాస్క్ మేనేజర్ తెరవగానే ఫ్యాను గోల తగ్గి, మూయగానే మళ్లీ పెరుగుతుంటే, ఎవరో చూస్తున్నారని తెలిసి దాక్కునే ప్రోగ్రాము ఉన్నట్టు అనుమానించాలి. అప్పుడు మైక్రోసాఫ్ట్ డిఫెండర్‌లో ఆఫ్‌లైన్ స్కాన్ నడపాలి. అది విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కునే అవకాశం తక్కువ. చూశారు కదా, వైరస్ ఉన్నా సరే నా వాదన మారదు. అక్కడ కూడా పేరొకరిది, పని చెప్పేది ఇంకొకరు.

నాలుగోది మన ఊళ్లలో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే మాట: ఫార్మాట్ కొట్టించేద్దాం. దీన్ని వాదనకోసమని తేలిగ్గా తీసేయను, ఎందుకంటే ఫార్మాట్ తరువాత చాలా సిస్టమ్‌లు నిజంగానే బాగా నడుస్తాయి. ఎందుకు నడుస్తాయో ఆలోచించండి. పాత డ్రైవర్ పోయి కొత్తది వస్తుంది, స్టార్టప్‌లో చేరిన పది ప్రోగ్రాములు పోతాయి, కదిలే వాల్‌పేపర్ పోతుంది. ఈ మూడింటిలో ఏది కారణమో ఎవరికీ తెలియదు. నెల తిరిగేసరికి అవే ప్రోగ్రాములు మళ్లీ ఎక్కిస్తారు, అదే బాధ మళ్లీ వస్తుంది. ఈలోపు పోయేదేమిటో కూడా లెక్కవేసుకోవాలి. స్టూడియోలో అయితే ఫొటోషాప్ యాక్షన్లు, ఏళ్లతరబడి పోగేసిన ఆల్బమ్ డిజైన్లు, అను స్క్రిప్ట్ అమరికలు. మీసేవలో, గ్రామ సచివాలయంలో అయితే వేలిముద్ర యంత్రానికీ ప్రింటరుకూ డిజిటల్ సంతకపు టోకెన్‌కూ డ్రైవర్లు మళ్లీ ఒక్కొక్కటిగా వేయాలి. అక్కడ ఒక పూట సిస్టమ్ ఆగితే ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చిన విద్యార్థి, అడంగల్ కోసం వచ్చిన రైతు మళ్లీ రేపు రావాలి. కారణం దొరికిన తరువాత, అది ఫార్మాట్‌తో తప్ప పోదని తేలితే అప్పుడు చేయించడం సబబు. అరగంట వెతకడానికి ఒప్పుకోకుండా రెండు రోజుల పని పోగొట్టుకోవడం నాకు సబబుగా తోచదు.

కొత్త కార్డు కొనడం గురించీ ఒక మాట. సిస్టమ్ ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ పని నిజంగానే అడుగుతున్నామని తేలితే, ఉదాహరణకు 4కే మానిటర్‌ను పదేళ్లనాటి ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తో నడుపుతుంటే, కొనడం తప్ప దారి లేదు. అది తేలకముందు కొంటే డబ్బు దండగ. మెల్లగా నడవడానికి కారణం డ్రైవరో వేడో అయితే కొత్త కార్డు కూడా అదే గదిలో, అదే దుమ్ములో కూర్చుంటుంది. కొనలేనివాళ్లు సెట్టింగుల్లో కలర్స్ కింద ట్రాన్స్‌పరెన్సీ ఎఫెక్ట్స్ తీసేయొచ్చు, మానిటర్‌ను 60 హెర్ట్జ్‌కు దించొచ్చు, 4కేను ఫుల్ హెచ్‌డీకి తగ్గించొచ్చు. 144నుంచి 60కి దిగితే చుక్కల లెక్క సగానికన్నా తక్కువవుతుందని ఇందాకే చూశాం. పాత సిస్టమ్‌లకు ఈ దారి ఇంకా ముఖ్యం. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ఆగింది, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. పాత కార్డులకు తయారీదారులు కొత్త డ్రైవర్లు రాయడం మానేస్తారు. అంటే డ్రైవర్ మార్చి బాగుచేసుకునే అవకాశం ఆ సిస్టమ్‌లకు ఏడాదికేడాది సన్నగిల్లుతుంది. వాటికి పని తగ్గించడమే మిగిలిన ఉపాయం.

చల్లపల్లిలో చేతకాని పని పడితే సీపీయూను బస్సెక్కించి బందరుకో, గుడివాడకో, విజయవాడకో తీసుకెళ్లాల్సి వస్తుంది. అక్కడ సర్వీస్ ఇంజనీరు బల్లమీద పెట్టి స్విచ్ వేస్తే అది చక్కగా నడుస్తుంది. ఎందుకంటే మీ రెండో మానిటర్ అక్కడ లేదు, మీ బ్రౌజరు ట్యాబ్‌లు తెరిచి లేవు, మీ షాపు వేడి లేదు. అందుకని తీసుకెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు సంగతులు రాసి పెట్టెకు అంటించండి. ఏ ప్రాసెస్ పక్కన ఎంత శాతం, ఏ ఇంజన్ మీద ఉందో. ఏ ప్రోగ్రాము మూస్తే దిగిందో, ఏదీ మూసినా దిగలేదో. డ్రైవర్ తేదీ. మీ దగ్గర ఎన్ని మానిటర్లు, ఏ సాకెట్‌లో, ఎన్ని హెర్ట్జ్‌లో ఉన్నాయో. వీలైతే ఇబ్బంది పెడుతున్న వేళ టాస్క్ మేనేజర్‌ను ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకోండి.